నేను చెరిపిన ఏరు

ఈ మధ్య నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. అన్నీ పాతికేళ్ళ లోపు పిల్లల నుంచే. "మేడం, మేం ఒక గేమ్ చేస్తున్నాం. అందులో ఒక కొత్త ప్రపంచం ఉంటుంది. దానికి మ్యాపు గీయాలి. కోస్ట్‌లైన్ నేచురల్‌గా రావాలంటే టెక్నిక్ ఏంటండీ?" అని అడుగుతారు. రాజులూ రాక్షసులూ ఉండే నవలలు రాసేవాళ్ళు కూడా అడుగుతున్నారు. అందరూ మర్యాదగానే మాట్లాడతారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతుంది.

ఆ మంట వాళ్ళ మీద కాదు. లేని నేలకి పటం గీసే పని నేనూ మూడేళ్ళు చేశాను. అంతకు ముందు ముప్పైనాలుగేళ్ళు ఉన్న నేలకి పటాలు గీశాను. రెండు చోట్లా ఒకే తప్పు చేశాను. ఆ తప్పు సంగతి దాచిపెట్టి టెక్నిక్ ఒక్కటే చెప్పడం నా వల్ల కాదు. అందుకే రాస్తున్నాను. నా ప్రమోషన్లు, బదిలీలు ఎవరికీ పనికిరావు కనుక వాటిని వదిలేస్తున్నాను.

కిటికీ పక్క బల్ల

నా పేరు ఎస్తేరు. మాది నరసాపురం. మా నాన్న మిషన్ బడిలో పంతులు. డ్రాయింగ్ పరీక్ష పాసై, కాలవలూ డ్రెయిన్లూ చూసే ఒక ఆఫీసులో ట్రేసర్‌గా చేరాను. సర్వేయర్లు గట్ల మీదా బురదలోనూ తిరిగి పెన్సిల్‌తో గీసుకొచ్చిన పటం మీద పల్చటి ట్రేసింగ్ కాగితం పరిచి, నల్ల ఇంకుతో తిరగ్గీయడం ట్రేసర్ పని. గీత తప్పితే బ్లేడుతో గీకాలి. ఎక్కువ గీకితే కాగితం చిరుగుతుంది, మళ్ళీ మొదటినుంచి గీయాలి.

మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ సూర్యారావు గారు. చేరిన కొత్తలో ఒక డ్రెయిన్ గీస్తూ, మధ్యలో వికారంగా ఉన్న ఒక మెలికను నున్నగా తీర్చాను. ఆయన వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు.

"ఇక్కడ డ్రెయిన్ ఎందుకు మెలి తిరిగిందో తెలుసా అమ్మా?"

"తెలీదండి."

"తెలీనప్పుడు తిన్నగా ఎలా చేశావు?"

ఆయన జేబులోంచి బ్లేడు తీసి నా చేతిలో పెట్టారు. ఆ మెలిక దగ్గర ఒక శ్మశానం ఉందని, దాన్ని తవ్వడానికి ఊళ్ళోవాళ్ళు ఒప్పుకోకపోతే డ్రెయిన్‌ను చుట్టూ తిప్పారని తరవాత చెప్పారు. నేల మీద వంకర కనిపిస్తే దానికి కారణం ఉంటుందని, ఆ కారణం తెలియనివాళ్ళు దాన్ని ముట్టుకోకూడదని ఆయన దగ్గరే నేర్చుకున్నాను. అంతకన్నా గొప్ప పాఠం నాకు ఎవరూ చెప్పలేదు.

ఆయన మీద నా కోపం వేరే విషయంలో. రెండేళ్ళు గడిచాక అడిగాను: "నేను కూడా ఒకసారి సర్వేకి వెళ్ళొస్తానండి. గీసేది ఎలా ఉంటుందో చూడాలని ఉంది."

"ఆడవాళ్ళకి ఫీల్డెందుకమ్మా? ఆ బురదలో ఎక్కడ నడుస్తావు? ఇక్కడ ఫ్యానుంది, హాయిగా కూర్చో" అన్నారు.

ఆయన తరవాత వచ్చిన ఇద్దరు అధికారులను కూడా అడిగాను. మాటలు మారాయి కానీ నన్ను కూర్చోబెట్టింది ఆ ఫ్యాను కిందే. సూర్యారావు గారు చాలా మంచివారు. నా మేలు కోరే అలా అన్నారు. కారణం తెలియకుండా గీత గీయొద్దన్న మనిషి, కారణం చూసి రావడానికి నన్ను పంపలేదు. ఇన్నేళ్ళయినా ఆ మాట గుర్తొస్తే పళ్ళు కొరుక్కుంటాను.

నన్నూ అనుకోవాలి. చర్చి పిక్నిక్కులకు బీచ్‌కి వెళ్ళాను, ఇసకలో కూర్చుని పులిహోర తిని వచ్చాను. గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటును మా వైపు మొగ అంటారు. ఆ మొగ మా ఇంటి నుంచి గంట ప్రయాణం కూడా కాదు. వందసార్లు ఇంకుతో గీశాను. ఏ ఆదివారమైనా బస్సెక్కి వెళ్ళి చూసి ఉండొచ్చు. వెళ్ళలేదు.

కాగితం మీద పెసలు

రిటైరైన ఏడాదికి రాజమండ్రి నుంచి కిరణ్ అనే ఆయన ఫోన్ చేశారు. ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. చిన్న గేమ్ కంపెనీ నడుపుతున్నారు. కంప్యూటర్ గీసిన పటాలన్నీ ఒకేలా ఉంటున్నాయని, చేత్తో గీసేవాళ్ళ కోసం వెతుకుతుంటే నా పాత సహోద్యోగి ఒకాయన నా నంబరు ఇచ్చారట. అయిదు రాజ్యాలు, రెండు సముద్రాలు ఉన్న ఒక ఖండం కావాలన్నారు. "మీ ఇష్టం మేడం, ఊహించుకోండి" అన్నారు.

ముప్పైనాలుగేళ్ళు ఎవరో గీసిన గీత మీద గీసినదాన్ని. ఊహించుకో అనేసరికి చెయ్యి ఆడలేదు. ఆ వయసులో నేను పచ్చి బిగినర్ని. కిరణ్ గారే ఒక వీడియో పంపారు. కాగితం మీద గుప్పెడు గింజలు పోసి, వాటి చుట్టూ పెన్సిల్ తిప్పితే అదే ఖండం అవుతుందట. పెసలు పోసి గీశాను. అంచంతా సన్నగా వణికించాను. సహజంగా వచ్చిందనుకుని మురిసిపోయాను కూడా.

అప్పుడు రత్నం వచ్చింది. రత్నం మొగ దగ్గరి చినమొగపాలెం నుంచి వారానికి మూడుసార్లు ఆటోలో మా వీధికి చేపలు తెస్తుంది. నాకన్నా పదేళ్ళు చిన్నది. ఎనిమిదేళ్ళుగా ఆమె దగ్గరే కొంటున్నాను. గంప దించి, మంచినీళ్ళు తాగి, అరుగు మీద పరిచిన నా కాగితం చూసింది.

"ఇదేంటండీ ఎస్తేరమ్మగారూ, అట్టు మాడిపోయినట్టుంది?"

"దేశం రత్నం. చుట్టూ ఉన్నది సముద్రం."

ఆమె పకపకా నవ్వింది. తరవాత వంగి, నిజంగానే చూడటం మొదలుపెట్టింది. "ఈ దేశంలో గాలి ఎటునుంచి కొడతదండీ?" అంది. నాకు తెలీదు. "పోనీ ఇసక ఎటు నడుత్తదండీ?" అదీ తెలీదు. "ఒడ్డంతా ఇలా రంపప్పళ్ళలా ఉంటే వల ఎక్కడ లాగుతారండీ? పడవ ఎక్కడ ఎక్కిత్తారు? ఏరేదండీ లోపలికి రావడానికి?"

ఆమె వెళ్ళాక ఆ కాగితం చించేశాను. పెసలు కడిగి నానబోశాను.

టెక్నిక్ అడిగే పిల్లలకు నేను చెప్పగలిగినదంతా రత్నం అడిగిన ఆ అయిదు ప్రశ్నల్లోంచి వచ్చిందే. అంచుతో మొదలుపెట్టకండి. అంచు ఆఖరున గీయాలి. ముందు కొండలు ఎక్కడో అనుకోండి. వాన గాలి ఎటునుంచి వచ్చి ఆ కొండలకు తగులుతుందో అనుకోండి. తగిలిన వైపు పచ్చగా ఉంటుంది, వెనకవైపు ఎండుతుంది. పడిన నీళ్ళు పల్లానికి పోతాయి. దారిలో వాగులు ఒకదానితో ఒకటి కలుస్తాయి గానీ విడిపోవు. సముద్రం దగ్గరపడి నేల చదునయ్యాకే నది పాయలుగా చీలుతుంది, అదీ తను మోసుకొచ్చిన ఒండ్రు దారికి అడ్డంపడి. ఆ ఒండ్రు పేరుకున్నచోట నేల సముద్రంలోకి పొడుచుకొస్తుంది. రాతి ఒడ్డయితే గీత విరగాలి, ఇసక ఒడ్డయితే గీత సాగాలి. ఒకే పటంలో రెండూ ఉండొచ్చు కానీ ఎక్కడ ఏది ఎందుకుందో గీసేవాళ్ళకి తెలిసుండాలి. చుట్టూ ఒకేలా వణికించిన గీత చూస్తే నాకు పెసలే గుర్తొస్తాయి.

రెండోసారి గీసింది కిరణ్ గారికి బాగా నచ్చింది. రత్నం కూడా చూసి, "ఆయ్, ఇప్పుడు పర్లేదండి. ఇక్కడ మావోళ్ళు బతగ్గలరు" అంది. ఆ ఏడాదంతా నేను ఉద్యోగంలో ఎన్నడూ లేనంత ఆనందంగా ఉన్నాను. అది దాచుకోను.

ఎవరూ అడగలేదు

మూడో పటం దగ్గర కిరణ్ గారితో మొదటి గొడవ వచ్చింది. ఒక సముద్రంలో బయలుదేరి, కొండ మీదుగా వెళ్ళి, రెండో సముద్రంలో దిగే నది కావాలన్నారు. ఆటలో పడవ ఆ దారిన వెళ్ళాలట.

"నీళ్ళు కొండెక్కవండీ" అన్నాను.

"ఫ్యాంటసీ కదండీ మేడం."

"ఏదైనా మంత్రం ఎక్కించిందని కథలో చెప్పండి, గీస్తాను. ఊరికే ఎక్కిందంటే గీయను."

వారం రోజులు మాట్లాడుకున్నాం. చివరికి గీశాను. ఆట విడుదలయ్యాక ఆయన ఫోన్ చేసి, "చూశారా మేడం, ఎవరూ అడగలేదు" అన్నారు.

నిజమే, ఎవరూ అడగలేదు. ఈ పనిలో మనిషిని పాడుచేసే మాట అదే. ఆ రోజు నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆ తరవాత ఏది తీసెయ్యమన్నా, ఏది కలపమన్నా నా చెయ్యి ముందులా మొరాయించలేదు. కొండెక్కిన నది వల్ల ఎవరికీ నష్టం లేదు. నష్టం జరిగింది నా చేతికి.

సముద్రం పైన ఉన్న పటం

మూడో ఏడు కిరణ్ గారు ఒక ప్రింటు పంపారు. ఒక తీరం, అంచు గీత మాత్రమే ఉంది. పైన సముద్రం, కింద నేల. పేర్లు లేవు, దిక్కులు లేవు.

"కొత్త ప్రపంచం మేడం. ఈ షేప్ క్లయింట్ ఇచ్చారు. దీని మీద మీ స్టైల్‌లో నేల, నీళ్ళు వేసివ్వండి. చెట్లూ పేర్లూ మావాళ్ళు చూసుకుంటారు."

ఆ గీత చూడగానే ముచ్చటేసింది. ఎవరో పని తెలిసినవాళ్ళే గీశారనుకున్నాను. ఒక నది మొగ, దాని పక్కనుంచి కొడవలిలా సాగిన ఇసక దిబ్బ, ఆ దిబ్బ వెనక మెలికలు తిరుగుతూ లోపలికి పోయే సన్నటి ఉప్పుటేరు. ఎక్కడా కల్పించినట్టు లేదు. అరుగు మీద పరుచుకుని పెన్సిల్ పని మొదలుపెట్టాను.

రత్నం గంప దించుతూనే అంది: "ఇది మా మొగ కదండీ!"

"కాదు రత్నం. ఇది ఉత్తుత్తి దేశం."

"అచ్చం మా మొగేనండి. ఇదిగో దిబ్బ, ఇదిగో మా ఏరు. ఇక్కడ మా ఇళ్ళుండాలి" అని దిబ్బ మొదట్లో వేలు పెట్టింది.

నేను పొంగిపోయాను. అచ్చం నిజంలా ఉందని ఒక బెస్త ఆడమనిషి అంటే అంతకన్నా సర్టిఫికెట్ ఏం కావాలి అనుకున్నాను. ఆమె చెబుతున్నది నిజమేమో అని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. నేను ముప్పైనాలుగేళ్ళు ఆ తీరం గీసినదాన్ని, అదే అయితే నాకు తెలియదా అనే పొగరు. ఆఫీసులో ఏ పటానికైనా ఉత్తరం పైన ఉంటుంది. మా తీరంలో సముద్రం ఎప్పుడూ కాగితానికి కింద ఉంటుంది. అది పైకి వచ్చేసరికి నా కళ్ళు పనిచెయ్యలేదు. రత్నానికి ఆ ఇబ్బంది లేదు. ఆమె పుట్టినప్పటినుంచీ ఇంటి ముందు నిలబడి పడవల కోసం చూసింది. ఆమెకు సముద్రం ఎప్పుడూ ఎదురుగానే ఉంది.

నాలుగు రోజులకు కిరణ్ గారు ఫోన్ చేశారు. "మేడం, ఆ దిబ్బ వెనక చిన్న క్రీక్ ఉంది కదండీ, అది తీసెయ్యండి. క్లయింట్‌కి అక్కడ క్లీన్‌గా ఇసక కావాలట."

ఎందుకు అని నేను అడగలేదు. రబ్బరు తీసుకుని ఏరు చెరిపేశాను. అది ఉన్నచోట సన్నటి చుక్కలతో ఇసక పరిచాను. అందంగా వచ్చింది.

తరవాతి వారం రత్నం చూసింది. "ఏరేదండీ?"

"తీసేశాను. చూడ్డానికి బాగోలేదు."

"బాగోలేదని తీసేత్తే మా పడవలెక్కడ దాచుకోమంటారండీ?" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఊహాచిత్రం

మూడు నెలలు గడిచాయి. ఒకరోజు రత్నం గంప లేకుండా వచ్చింది. చేతిలో నిగనిగలాడే రంగుల కాగితం ఉంది. తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

మొగ పక్కన ఒక పెద్ద రిసార్టు కట్టబోతున్నారట. ఆ కాగితం దాని బ్రోచర్. నిధి పటంలా పాతబడ్డ రంగు, మూలన ఓడ బొమ్మ, మధ్యలో నా తీరం. దిబ్బ మీద కుటీరాలు, ఈతకొలను, కొబ్బరిచెట్లు. ఏరు లేదు. పాలెం లేదు. అడుగున చాలా చిన్న అక్షరాల్లో 'ఊహాచిత్రం' అని ఉంది.

"ఇది మీ చెయ్యేనా కాదా?" అంది రత్నం. ఆ రోజు 'అండీ' అనలేదు.

నేను కాగితాన్ని తిప్పాను. సముద్రం కిందికి వచ్చింది. అంతే. కిటికీ పక్క బల్ల మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేని గీత. కళ్ళు మూసుకుని గీయగలిగిన గీత.

"నాదే" అన్నాను.

"నిన్న కంపెనీవోళ్ళు వచ్చారు. ఇక్కడ ఊరెక్కడుంది, ఏరెక్కడుంది, చూపించండి అని ఈ కాగితం మా మొహాన పెట్టారు. వచ్చేవారం సర్కారు మీటింగంట. నేను చెప్పలేదా మీకు, ఇది మా మొగని? వేలు పెట్టి చూపించలేదా?"

"చూపించావు."

"మరెందుకు తీసేశారు?"

నేను చెప్పిన జవాబు ఆమెకు ముందే తెలుసు. అందంగా లేదని. ఆమె మెట్లు దిగిపోయింది.

మర్నాడు పొద్దున్నే రాజమండ్రి బయలుదేరాను. నిడదవోలులో రైలు మారుతూ, ప్లాట్‌ఫారం మీద కిరణ్‌ను తిట్టాల్సిన తిట్లన్నీ వరసగా పేర్చుకున్నాను. తీరా ఆయన లేచి నిలబడి, "రండి మేడం, కూర్చోండి, కాఫీ చెప్తాను" అన్నారు. ఆ మర్యాద ముందు తిట్లన్నీ పక్కన పెట్టి కూర్చున్నాను.

"ఆ గీత ఎక్కడిది?" అన్నాను.

"క్లయింట్ ఇచ్చిందండి. రిసార్టు వాళ్ళు. ట్రెజర్ మ్యాపులా బ్రోచర్ కావాలన్నారు."

"నాకు కొత్త ప్రపంచం అన్నావు." అప్పటిదాకా ఆయన్ని 'మీరు' అనేదాన్ని. నోరు తనంతట తనే మారింది.

"వాళ్ళకి అది కొత్తేగా మేడం."

"తలకిందులుగా ఎందుకిచ్చావు?"

"వాళ్ళే అలా అడిగారండి. గెస్టు రూములోంచి సముద్రం వైపు చూస్తున్నట్టుండాలని."

"అది మా మొగని నీకు తెలుసు. నాకెందుకు చెప్పలేదు?"

ఆయన నెమ్మదిగా అన్నారు: "చెప్తే మీరు క్రీక్ తీసేవారు కాదు కదండీ."

అబద్ధమాడినా అంత కోపం వచ్చేది కాదేమో. "అక్కడ మనుషులున్నారు" అన్నాను. "కింద ఊహాచిత్రం అని వేశాం కదా మేడం, లీగల్‌గా మనకేం కాదు" అన్నారు. కాఫీ వచ్చింది. ముట్టుకోలేదు. క్లయింట్ ఇచ్చిన గీతలో ఏరు ఉందని ఒక ఉత్తరం రాసిమ్మన్నాను. కుదరదన్నారు. ఇక మీ పని చెయ్యనని చెప్పి వచ్చేశాను.

పనిలోకి వస్తున్న పిల్లలు ఇక్కడ ఆగి ఆలోచించాలి. కిరణ్ దుర్మార్గుడు కాదు. నాతో మాట తూలలేదు, నా పనిని ఎప్పుడూ తక్కువ చెయ్యలేదు. మీ పై అధికారులూ చాలావరకు అలాగే ఉంటారు. ఎవరైనా తయారైన ఆకారం తెచ్చి ఇస్తే ఎక్కడిదని అడగండి. నాలుగువైపులా తిప్పి చూడండి. చెరపమంటే ఎందుకని అడగండి. జవాబు చెప్పకపోతే పెన్సిల్ కింద పెట్టండి. 'ఊహ' అనే మాటను మనం పనికోసం వాడతాం. దాని చాటున దాక్కునేవాళ్ళు వేరే ఉంటారు.

మైకు ముందు

కిరణ్ పంపిన మొదటి ప్రింటు నా దగ్గరే ఉంది. పని అయ్యాక ఆధారం పారెయ్యకూడదన్నది ఆఫీసు అలవాటు. దాన్నీ, నా పెన్సిల్ కాగితాన్నీ సంచిలో పెట్టుకుని మీటింగుకి వెళ్ళాను. మండలం బడి ఆవరణలో షామియానా వేశారు. రిసార్టు మీద అభ్యంతరాలు వినడానికి వచ్చిన ప్రభుత్వ ఆఫీసరు గారు ఎదురుగా బల్ల దగ్గర కూర్చున్నారు. ముందు వరసలో కంపెనీవాళ్ళు, వెనక పాలెం జనం. రత్నం నన్ను చూసి మొహం తిప్పుకుంది.

ముందు ఆమే మాట్లాడింది. "మా ఏరు లేదంటన్నారండీ. మరి మా ఆయన రోజూ పడవ ఎక్కడ కడతన్నాడండీ, ఆకాశంలోనా?" జనం చప్పట్లు కొట్టారు. కంపెనీ మేనేజరు లేచి బ్రోచర్ ఎత్తి చూపించాడు. అనుభవం ఉన్న డ్రాఫ్ట్స్‌మన్ చేత గీయించామని, ఆ ఇసకలో స్థిరమైన నివాసాలేవీ లేవని చెప్పాడు.

నేను లేచాను. "ఆ పటం గీసింది నేనండి" అన్నాను.

వెనకనుంచి ఎవరో గట్టిగా తిట్టారు. తిట్టనివ్వాలి. ఆఫీసరు గారు మైకు ఇప్పించారు. మొదటి ప్రింటు చూపించి, ఇందులో ఏరు ఉందని, నా చేతే చెరిపించారని, నేనూ అడక్కుండా చెరిపానని చెప్పాను. నా పెన్సిల్ కాగితం వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. రబ్బరు పెట్టినా పెన్సిల్ నొక్కు పోదు. ఏరు మెలికలన్నీ కాగితంలో కనబడుతున్నాయి.

మేనేజరు నవ్వుతూ, "పెద్దావిడండీ. ఆవిడ ఊహించి గీశారు, ఇప్పుడు మరిచిపోయారు" అన్నాడు.

నాకు అరవాలనిపించింది. అరిచాను కూడా. "ముప్పైనాలుగేళ్ళు ఈ తీరం గీశానయ్యా నేను! నాకు చెప్తున్నావా?"

ఆఫీసరు గారు చెయ్యెత్తి అందరినీ ఆపి, నా వైపు తిరిగారు. "అమ్మా, ఒక్క మాట. మీరు చినమొగపాలెం ఎప్పుడైనా వెళ్ళారా?"

అబద్ధం చెప్పి ఉంటే నెగ్గేదాన్నేమో.

"లేదండి" అన్నాను. "ఎప్పుడూ వెళ్ళలేదండి."

ముందు వరసలో కొందరు నవ్వారు. వెనక వరసలో ఎవరూ నవ్వలేదు. అప్పుడు సూర్యారావు గారి మీద, ఆ ఫ్యాను మీద, వెళ్ళని ఆదివారాలన్నిటి మీద వచ్చినంత కోపం నాకు జీవితంలో రాలేదు.

ఆఫీసరు గారు ఆ బ్రోచర్‌ను లెక్కలోకి తీసుకోబోమని, కొత్తగా సర్వే చేయించి ఏరూ ఇళ్ళూ గుర్తించాకే మళ్ళీ వింటామని రాయించారు. రిసార్టు రద్దు కాలేదు, ఆగింది. ఇది రాసే నాటికీ ఆగే ఉంది. నేను గెలిచానని ఎవరైనా అంటే ఒప్పుకోను.

మొదటిసారి

రత్నం మా వీధికి రావడం మానేసింది. నెల తరవాత సర్వే వాళ్ళు వస్తున్నారని తెలిసి, ఎవరూ పిలవకపోయినా నేనే వెళ్ళాను. బస్సు దిగి, ఆటో దిగి, చివర నడిచాను.

సర్వే చేస్తున్నది ఒక అమ్మాయి. ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, పరికరం భుజాన వేసుకుని బురదలో దిగి నిలబడింది. ఆ అమ్మాయిని చూస్తూ చాలాసేపు ఒడ్డునే ఉండిపోయాను. నాకు ఈర్ష్యగా ఉంది. దానికి వేరే పేరు పెట్టను.

ఏరు నేను గీసినదానికన్నా చాలా వెడల్పుగా ఉంది. పోటు తీసి నీళ్ళు తగ్గిన వేళ. ఒడ్డు పొడుగునా పడవలు బురదలో ఒరిగి ఉన్నాయి. అవతలి ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్ళలో రత్నం కనిపించింది. నన్ను చూసింది. లేవలేదు. "ఇటు రావాలంటే దిగే రావాలి" అని అరిచింది.

చీర ఎత్తి పట్టుకుని దిగాను. రెండో అడుగుకే మోకాళ్ళదాకా కూరుకుపోయాను. కాలు రాలేదు. ఉప్పు వాసన, కుళ్ళిన ఆకు వాసన. పీతలు బొరియల్లోకి పరిగెత్తాయి. కదిలితే ఇంకా దిగబడుతున్నాను. అరవైనాలుగేళ్ళ మనిషిని, అంతమంది ముందు ఏట్లో మేకులా నిలబడ్డాను.

రత్నం వల పక్కన పెట్టి లేచి వచ్చింది. తొందరపడలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడి, నేను ఎంత లోతు దిగానో చూసింది. నవ్వలేదు, నన్ను ఓదార్చనూ లేదు.

"అక్కడ గట్టినేలనుకున్నారా?" అంది.

"అలాగే గీశాను" అన్నాను.

ఆమె నా జబ్బ పట్టుకుని బలంగా లాగింది. భుజం కలుక్కుమంది. కాలు ఊడివచ్చింది, చెప్పు రాలేదు. నన్ను అలా పట్టుకునే అవతలి ఒడ్డుదాకా నడిపించి, వదిలేసి, మళ్ళీ వల ముందు కూర్చుంది. పక్కన కొంచెం జరిగింది. నేను ఆ బురద కాళ్ళతోనే ఆ చోట్లో కూర్చున్నాను.